మెట్ల కింద కుంటి పిల్లి: పట్టుకోవడం ఎలా?

బీచిగాలి:
విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంటు మెట్ల కింద మూడు రోజులుగా ఒక బూడిదరంగు పిల్లి ఉంటోంది. కుడి ముందుకాలు నేలకు ఆనించడం లేదు. ఏ స్కూటరో తగిలి ఉంటుంది. దగ్గరికి వెళితే చెవులు వెనక్కి వాల్చి బుస కొడుతుంది. నిన్న రాత్రి పాలు పెట్టాను. గిన్నె ఖాళీ చేసింది గానీ పొద్దునకల్లా మెట్ల కిందంతా విరేచనం. వాచ్‌మన్ గొణిగాడు, నేనే కడిగాను. డాక్టరుకు చూపించాలని ఉంది. నా జన్మలో పిల్లిని ఎత్తుకున్నది లేదు. ఈ పని చేసినవారు ఎవరైనా చెప్పండి.

జాలరిపేట అల్లుడు:
ముందు పాలు మానేయండి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. మా అత్తవారింటికి హార్బరు నుంచి చేపలు వచ్చే రోజు అల్లుడికన్నా ముందు పిల్లులు హాజరవుతాయి, ఆ అనుభవంతో చెబుతున్నాను. రెండు కానాగంతలు ఉప్పు, కారం లేకుండా ఉడికించి, ముళ్లు తీసి, కాస్త అన్నంలో కలపండి. మిగిలిన పులుసు మాత్రం పెట్టవద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని పాడుచేస్తాయి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట పెడితే అదే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది.

గాజువాక తాతయ్య:
కాలికి పసుపు రాసి, నొప్పికి పారాసిటమాల్ మాత్ర పావు ముక్క అన్నంలో కలిపి పెట్టండి. మనకు పనిచేసేది దానికి పనిచేయదా?

మందుల కొట్టు, అక్కయ్యపాలెం:
తాతగారూ, పెద్దవారు, కోపం తెచ్చుకోకండి. ఆ మందును విరిచే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. అది రక్తంలో చేరితే ఎర్రకణాలు ప్రాణవాయువును మోయలేవు, చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు, పావు ముక్క కూడా ప్రమాదమే. మన ఇంట్లోని ఏ నొప్పి మాత్రా వద్దు. డెట్టాలు, ఫినాయిలు పుండు మీద పోయవద్దు, ఒళ్లు నాకి అది కూడా కడుపులోకి పంపుకుంటుంది. కుక్కలకు వాడే గోమారి మందుల్లో కొన్ని కూడా పిల్లికి విషమే.

గాజువాక తాతయ్య:
మాట వెనక్కి తీసుకున్నాను. మా ఇంట్లో ఒక పిల్లి ఎందుకు పోయిందో ఇన్నేళ్లకు అర్థమవుతోంది.

సీతమ్మధార టీచరు:
నేను ఇప్పటికి ఆరు పిల్లులను పట్టాను, రెండుసార్లు కరిపించుకున్నాను. తరమకండి. తరిమితే ఏ కారు ఇంజనులోకో దూరుతుంది. తలుపున్న బుట్ట ఒకటి తెచ్చి, లోపల పాత దుప్పటి పరిచి, మెట్ల కిందే వదిలేయండి. అన్నం రోజురోజుకీ కాస్త లోపలికి జరపండి. రెండు మూడు రోజుల్లో తానే లోపలికి వెళ్లి తింటుంది. అప్పుడు తలుపు మూసి, పైన దుప్పటి కప్పేయండి. లోపల చీకటిగా ఉంటే పెనుగులాట తగ్గుతుంది. ఒట్టి చేతులతో మాత్రం వద్దు.

ఇంకొకటి. పట్టుకునే ముందు పొట్ట కింద చూడండి. చనుమొనలు ఉబ్బి, చుట్టూ వెంట్రుకలు ఊడి ఉంటే అది బాలింత. నేను మొదటిసారి అది చూసుకోకుండా తీసుకువెళ్లి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచాను. పిల్లలు ఎక్కడున్నాయో తెలిసేసరికి ఒకటే మిగిలింది.

బీచిగాలి:
టీచరుగారూ, మీరు చెప్పకపోతే నేనూ అదే చేసేదాన్ని. అది బాలింతే. అన్నం తిన్నాక వెంట వెళ్లి చూస్తే జనరేటరు గది వెనక పాత అట్టపెట్టెలో మూడు పిల్లలు. కళ్లు తెరిచాయి. చూసిన సంబరంలో ఒకదాన్ని ఎత్తబోయాను, తల్లి వచ్చి చేతి మీద గీరింది. రక్తం కొంచెమే వచ్చింది. పసుపు అద్దాను.

మందుల కొట్టు, అక్కయ్యపాలెం:
పసుపు కడిగేయండి. సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు, గడియారం చూసి. కాఫీపొడి, సున్నం, కారం ఏవీ వద్దు, కట్టు కట్టవద్దు. ఈరోజే కేజీహెచ్ పెద్దాసుపత్రికి వెళ్లండి. రేబిస్ కుక్కకే అనుకుంటారు, పిల్లి నుంచి కూడా వస్తుంది. లక్షణాలు బయటపడ్డాక చేయగలిగింది ఏమీ ఉండదు. చర్మంలోకి ఇచ్చే పద్ధతి అయితే మొదటి రోజు, దాన్ని సున్నాగా లెక్కపెట్టి తర్వాత 3, 7, 28వ రోజుల్లో టీకా సూది. రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ ఇచ్చే సీరం సంగతి కూడా అడగండి.

బీచిగాలి:
వెళ్లాను, రెండూ వేశారు. నాలుగో రోజు పిల్లి కూడా బుట్టలో చిక్కింది. స్కూటరు కాదట! మరో పిల్లి కరిచిన కాటు లోపల చీము పట్టింది. డాక్టరు చీము తీసి, మందు ఇచ్చి, పిల్లలు ఉన్నాయనగానే సాయంత్రానికే పంపించారు. ఇప్పుడు తంటా వేరు. అసోసియేషన్‌లో ఒక పెద్దమనిషి అన్నింటినీ గోనెసంచిలో వేసి కంబాలకొండ అడవిలో వదిలేద్దామంటున్నారు.

సీతమ్మధార టీచరు:
కంబాలకొండలో చిరుతలు ఉన్నాయని ఆయనకు తెలియదా, తెలిసే అన్నారా? వీధి జంతువులకు తిండి ఏర్పాటు చూడవలసింది నివాసుల సంఘమేనని 2023 జంతు జనన నియంత్రణ నియమాల్లో ఉంది, ప్రతి తీసి ఆయన చేతికివ్వండి. సంతతి పెరుగుతుందన్న ఆయన బాధ మాత్రం న్యాయమే. పిల్లలు పాలు మానగానే, అంటే సుమారు ఎనిమిది వారాలకు, తల్లికి ఆపరేషన్ చేయించండి. పాలిస్తుండగానే మళ్లీ చూలు కట్టవచ్చు, మోసేది రెండు నెలలే. ఆపరేషన్ అయినట్టు చెవి కొస కత్తిరించమని అడగండి, మరొకరు మళ్లీ పట్టుకువెళ్లి పొట్ట కోయించకుండా.

బీచిగాలి:
కాలు ఆనిస్తోంది! ఈ పొద్దున అట్టపెట్టె ఖాళీగా ఉంటే గుండె జారింది. వాచ్‌మన్ నవ్వి, పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందమ్మా అన్నాడు. మధ్యాహ్నానికి సి బ్లాకులో ఎవరిదో పాత వాషింగ్ మెషీన్ వెనక దొరికాయి. ఆ ఇల్లు ఎవరిదని ఆరా తీస్తే గోనెసంచి పెద్దమనిషిదే. ఆయన భార్య అప్పటికే గిన్నెలో నీళ్లు పెట్టి ఉంచారు.