ప్యాక్స్ (ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం)లో ఉంటూనే బత్తాయి రైతులం వేరే సంఘం పెట్టుకోవాలంటే ఏ చట్టం కింద?

మాది నల్లగొండ జిల్లా, గుర్రంపోడు వైపు. ఇరవై మంది బత్తాయి రైతులం. పంట రుణం, ఎరువులు, వడ్ల కొనుగోలు అన్నీ ఊరి ప్యాక్స్ నుంచే. దాంతో మాకు పేచీ లేదు, తెంచుకునే ఆలోచనా లేదు. కాకపోతే బత్తాయిని అది ముట్టుకోదు. తోట మీదికొచ్చే వ్యాపారి టన్నుకు క్వింటా సూట్ (తూకంలో కోత) తీస్తుండు, మంగు కాయ (తొక్క మీద మచ్చలు పడ్డది) కనబడితే ఇంకొంత. అందుకే కాయ కలిపి, గ్రేడింగ్ చేసి, మేమే హైదరాబాద్ పంపాలనుకున్నం.

ముందు మహాజన సభలో ప్యాక్స్ కిందనే పండ్లకు ఉపసంఘం వెయ్యమన్నం. బైలాలో లేదన్నరు. వేరు కుంపటి పెడుతున్నరని గుసగుసలు కూడా మొదలైనయ్. తర్వాత కత్తెర కాపు (సీజన్ కాని కాపు) ఒకరి పేరు మీద అమ్మి చూసినం. డబ్బు ఆయన ఖాతాలో పడంగనే బ్యాంకు పాత బాకీ కింద పట్టుకుంది. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు. సంఘం పేరున ఖాతా అడిగితే రిజిస్ట్రేషన్ తెమ్మంటున్నరు.

తెలిసినంతల రెండు దార్లున్నయ్: 1995 మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టం, లేదంటే 2013 కంపెనీల చట్టం కింద ఉత్పత్తిదారుల కంపెనీ. రెండింటికీ పది మంది చాలు; మ్యాక్స్‌కైతే వేర్వేరు కుటుంబాల వాళ్లు కావాలె. కంపెనీకి ఐదుగురు డైరెక్టర్లు, ఏటా ఆర్‌ఓసీ (కంపెనీల రిజిస్ట్రార్) దగ్గర ఫైలింగులు. ఆ ఖర్చే మా భయం. ఆగస్టులో సీజన్ కాపు దిగేలోపు తేల్చుకోవాలె.

ప్యాక్స్ సభ్యత్వం, పంట రుణం చెడకుండా ఇట్లాంటి సంఘం నడుపుతున్నవాళ్లు ఈ రెండిట్ల ఏది ఎంచుకున్నరు, ఎందుకు?