సమస్య: "కంకి గింజలు మేసెను గడుసు డేగ"

పెరటిజామ (ఈ వారం సమస్య ఇచ్చినవారు): ఛందస్సు తేటగీతి. ఇది చివరి పాదమయ్యేలా ముందు మూడు పాదాలు రాసి పూరణ చేయాలి. ఇది ఊహించి ఇచ్చిన సమస్య కాదు. ఏటా కోతలయ్యాక మా అత్తగారి ఊరి నుంచి వరి కంకుల కుచ్చు తెచ్చి వసారా దూలానికి కడతాను. పొద్దున్నే ఇరవై పిచ్చుకలదాకా వస్తాయి. మొన్న సోమవారం పాలు తీసుకుందామని తలుపు తీశాను. అప్పటిదాకా గోల చేస్తున్న పిచ్చుకలు ఒక్కసారిగా నోరు మూశాయి. వేపచెట్టు లోపలి నుంచి పావురమంత బూడిదరంగు పిట్ట ఒకటి దూసుకొచ్చి, కుచ్చు ఇంకా ఊగుతుండగానే ఒక పిచ్చుకను పట్టుకుపోయింది. దాని ఎర్రటి కన్ను మాత్రం స్పష్టంగా చూశాను. జాలె డేగ, షిక్రా అంటారే, అదే. మనసు బాగాలేక రెండు రోజులు ఏమీ రాయలేదు. మూడో రోజు ఈ పాదం వచ్చింది. గింజలు తినని డేగ చేత గింజలు ఎలా తినిపిస్తారో చూడాలని ఉంది.

రేగుపండు:

పొట్ట నిండగ వడ్లను బొడిచె పిట్ట;
పిట్ట నొక్కపెట్టున బట్టి పీకి తినుచు
పిట్టలో నున్న వడ్లను విడువదయ్యె;
కంకి గింజలు మేసెను గడుసు డేగ.

మాస్టారు: నడక చక్కగా ఉందమ్మా. రెండో పాదంలో "నొక్కపె" రగణం, "ట్టున బట్టి" సలం, రెండూ అక్కడ రావలసిన గణాలే (అక్షరాల కొలతలు). మాట మధ్యలో గణం విరిగినా చదవడానికి ఎక్కడా తట్టుకోలేదు. మూడో పాదంలో పి–వి యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో పొత్తు) కూడా సరైనదే, పవర్గంతో వకారానికి మైత్రి ఉంది.

తాటిముంజె: ఛందస్సు సరే, విషయం దగ్గరే నాకు అనుమానం. మా మేడ మీద డేగ పిచ్చుకను తిన్న చోటికి వెళ్లి చూస్తే, ఈకల మధ్య వడ్లు అలాగే పడి ఉన్నాయి. గొంతు కింద పిట్ట గింజలు దాచుకునే సంచిని చీల్చి పక్కన పారేసింది. అలాంటప్పుడు "విడువదయ్యె" అనవచ్చా?

మాస్టారు: మీరు చూసింది నిజమే. రేగుపండు రాసిందీ తప్పు కాదు. ఈ రెండింటినీ డార్విన్ 1859 నాటి తన పుస్తకంలో చెప్పాడు. చీలిన సంచుల్లోంచి విత్తులు చెదిరిపడతాయన్నాడు. కొన్ని డేగలు, గుడ్లగూబలు పిట్టను అలాగే మింగి, అరగనిదాన్ని తర్వాత ఉండలుగా కక్కేస్తాయనీ రాశాడు. వేటపక్షుల కడుపులో 12 నుంచి 21 గంటలున్న ఓట్స్, గోధుమలు కొన్ని మొలకెత్తాయట. అంటే డేగ గింజ తినడమే కాదు, ఒక్కోసారి విత్తుతుంది కూడా. ఇది పద్యంలో పెట్టగలిగితే ఇంకో మంచి పూరణ అవుతుంది.

తాటిముంజె: ఒప్పుకుంటున్నాను మాస్టారూ. నా పూరణ క్రమాలంకారంలో, అంటే ప్రశ్నలకు వరుసగా జవాబులు:

ఏమి చేసెను పిచ్చుక యింటి ముందు?
వేప కొమ్మల నెవ్వరు వేచి చూచె?
ఇట్టు లడుగగ విడదీసి యిమ్ము బదులు:
"కంకి గింజలు మేసెను", "గడుసు డేగ."

పెరటిజామ: మా వాకిట్లో జరిగింది జరిగినట్టే ఉంది. "వేచి చూచె" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆకుల్లో కదలకుండా కూర్చుని ఒక్క ఉదుటున రావడమే దాని వేట.

కోడికూత: మాది భీమవరం వైపు. డేగ అనగానే మాకు ముందు పుంజే గుర్తొస్తుంది. ఎర్ర ఈకల పుంజును డేగ అంటాం. కాకి, నెమలి, సేతువ అని మిగతా రంగులకూ పేర్లున్నాయి.

ఎర్ర యీకల మా పుంజు నెల్ల వారు
డేగ యందురు, వాకిట వేగ వచ్చి
పిచ్చుకల కని కట్టిన కుచ్చు లాగి
కంకి గింజలు మేసెను గడుసు డేగ.

మాస్టారు: భేష్! సమస్యలోని వైరుధ్యం మొత్తం ఒక్క మాటతో పోయింది. పైగా ఊరి మాట. డేగ–వేగ, పిచ్చు–కుచ్చు ప్రాసయతులు (యతి బదులు రెండో అక్షరం కలవడం) వెతికి పెట్టినట్టు లేవు, వాటంతటవే వచ్చాయి. ఈ వారం పూరణల్లో నాకు ఎక్కువ నచ్చింది ఇదే.

పెరటిజామ: నాదీ ఒకటి. మొదటి పాదం "గింజ పెట్టిన చేతికే తగిలె కీడు" అని రాసుకున్నాను. గిం–త యతి కుదరలేదని రాత్రి గమనించి మాటలు అటూ ఇటూ మార్చాను.

గింజ పెట్టిన చేతికే కీడు దగిలె;
పిట్ట యొక్కటి తిరిగి రా దెట్టులైన;
ఎవరి కోసము కట్టితి నేను కుచ్చు?
కంకి గింజలు మేసెను గడుసు డేగ.

మాస్టారు: మూడో పాదంలో "కట్టితిన్ + ఏను (నేను)" అని తీసుకుంటే ఎ–ఏ స్వరయతి (అచ్చుల పొత్తు) చెల్లుతుంది. పద్యం బాగుందమ్మా. కానీ "కీడు" నీ చేతిది కాదు.

కోడికూత: ఉండేలుతో ఒకసారి బెదిరిస్తే మళ్లీ రాదు అక్కా.

మాస్టారు: వద్దు బాబూ. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం. కుచ్చునే కొన్నాళ్లు తీసేస్తే డేగ ఇంకో చోట వేట వెతుక్కుంటుంది.

రేగుపండు: పెరటిజామక్కా, మీ మూడో పాదం ఒక ప్రశ్న. కన్ను ఎర్రగా ఉందన్నారు కాబట్టి అది మగది, ఆడదాని కన్ను పసుపుపచ్చగా ఉంటుంది. గూడు కట్టే ఈ ఎండాకాలంలో ఆడది గూట్లో ఉంటే మగదే వేట తెచ్చిస్తుంది. అందుకని నా జవాబు:

గూటిలో నోరు దెరచిన కూన లుండె;
పిట్టకున్ గింజ, డేగకు బిట్ట గింజ;
వాలి యూగెడు పిచ్చుకల్ వాని కవియె
కంకి గింజలు, మేసెను గడుసు డేగ.

తాటిముంజె: రెండో పాదం చాలాసేపు చదువుకున్నాను. అయితే వేట కూనల కోసమైతే "మేసెను" కుదరదు కదా, "మేపెను" కావాలి. సమస్యా పాదాన్ని మార్చకూడదు.

మాస్టారు: మంచి ప్రశ్న. కూన కూడా డేగే. "గడుసు డేగ" గూట్లో నోరు తెరిచిన పిల్ల అనుకుంటే అన్వయం కుదురుతుంది. "గడుసు" అనేది పిల్లకే ఇంకా బాగా నప్పుతుంది.

పెరటిజామ: నేను తండ్రి డేగనే అనుకుంటూ చదివాను. ఇప్పుడు మళ్లీ చదివాను. కుచ్చు నిన్ననే విప్పి లోపల పెట్టాను. పది రోజులాగి, ఈసారి వసారాలో కాకుండా సన్నజాజి పందిరి పక్కన కడతాను. డేగ వస్తే పిచ్చుకలు దూరడానికి అక్కడ గుబురు ఉంది. వేపచెట్టు మీద గూడు ఉందేమోనని సాయంత్రం చూశాను. ఆకులు దట్టంగా ఉండి ఏమీ కనబడలేదు.