‘రెండేళ్ళ మొగ’ అంటే రెండు ఏర్లా, రెండు సంవత్సరాలా?

ప్రశ్న: కెనడా పటం మీద వేలు పెట్టి మా భూగోళం మాస్టారు చెప్పిన ఒక ముక్క వారం రోజులుగా నన్ను వదలడం లేదు. బ్రిటిష్ కొలంబియాలో థాంప్సన్ నది ఫ్రేజర్ నదిలో కలిసే చోట ఉన్న లిట్టన్ అనే చిన్న ఊరిని ఆయన “రెండేళ్ళ మొగ” అన్నట్టు గుర్తు. అది “రెండేర్ల మొగ” అయి ఉంటుందా?

జవాబు 1: ఊరుకు ఊళ్ళు, సెలయేరుకు సెలయేళ్ళు అయినప్పుడు ఏరుకు ఏళ్ళు కావడంలో దోషమేమీ లేదు. సంవత్సరమనే అర్థంలో ఉన్న ‘ఏడు’ కూడా బహువచనంలో అదే రూపం పొందడం వల్ల మీకు తికమక కలిగింది, అంతే.

జవాబు 2: ళకారం సంగతి సరే గాని, అసలు పేచీ ‘మొగ’తోనే ఉంది. కాకినాడ ఏటిమొగ ఎరిగినవాణ్ణి కనుక చెబుతున్నాను, ఏరు సముద్రంలో పడే చోటునే మేము మొగ అంటాము. లిట్టన్ దగ్గర ఫ్రేజర్ ఇంకా కొండల నడుమే ఉంటుంది, సముద్రానికి చాలా దూరం పోవాలి. కృష్ణా తుంగభద్రలు కలిసే చోటును మనవాళ్ళు కూడలి సంగమేశ్వరం అన్నారు కదా. ఇక్కడా ‘కూడలి’ అంటే సరిపోయేది.

జవాబు 3: తొందరపడకండి. అక్కడి ఆదివాసులైన న్లకాపముక్ ప్రజలు ఆ చోటును పిలిచే పేరు పాత ఇంగ్లీషు రాతల్లో ‘కమ్‌చీన్’గా కనిపిస్తుంది; వాళ్ళ భాష చేరిన సేలిష్ కుటుంబపు భాషల్లో చివరి ‘చీన్’కు నోరు, అంచు అని అర్థం. కాబట్టి మాస్టారు తెలిసి అన్నా తెలియక అన్నా ‘మొగ’ మూలానికే దగ్గరగా ఉంది. బంగారం కోసం వచ్చినవాళ్ళు కట్టిన ఊరు కాదది, సాల్మన్ చేపలు ఎదురెక్కే ఆ నోటి దగ్గర అంతకు ఎంతో ముందునుంచీ జనం ఉన్నారు. 1808లో అన్వేషకుడు సైమన్ ఫ్రేజర్ అక్కడికి చేరినప్పుడు 1200 మందితో చేతులు కలపవలసి వచ్చిందని తన దినచర్యలో రాసుకున్నాడు. రెండో నదికి అతడు తోటి అన్వేషకుడు డేవిడ్ థాంప్సన్ పేరు పెట్టాడు. ఆ థాంప్సన్ మాత్రం ఆ నదిని కంటితో చూడలేదు! 1858లో బంగారం వేటగాళ్ళు విరుచుకుపడి లోయలో రక్తం చిందినప్పుడు, పోరును ఆపి సంధి కుదిర్చినవాడు అక్కడి పెద్ద స్పింట్లం.

జవాబు 4: ఆ 1858లోనే గవర్నరు జేమ్స్ డగ్లస్ ఆ ఊరికి బ్రిటన్ వలసరాజ్యాల మంత్రి ఎడ్వర్డ్ బుల్వర్ లిట్టన్ పేరు పెట్టాడు. మనం బడిలో వల్లించిన “కత్తి కంటే కలం గొప్పది” అన్న మాట 1839 నాటి ఆయన నాటకంలోనిదే. దాన్ని ‘గొప్పది’ అనడం నాకు ఎన్నడూ నచ్చలేదు, ‘బలమైనది’ అనాలి. ఆయన కొడుకు వైస్రాయిగా ఉన్న రోజుల్లోనే రాయలసీమను ధాత కరువు పీల్చి పిప్పి చేసింది. దాన్ని ‘ధాతు’ కరువు అనేవారు పంచాంగం ఒకసారి తిరగేయాలి, 1876 ధాత నామ సంవత్సరం.

జవాబు 2: మళ్ళీ నా మాటకే వస్తాను. బురదనీటి ఫ్రేజర్‌లోకి నీలిపచ్చని థాంప్సన్ వచ్చి చేరుతుంది, అంటే చేరేది ఒకటి, చేర్చుకునేది మరొకటి. మొగ అన్నా అది ఒక్క థాంప్సన్‌దే కావాలి గాని ‘రెండేళ్ళ’ మొగ ఎలా అవుతుంది?

ప్రశ్న అడిగినవారు: 2021 జూన్ 29న ఆ ఊళ్ళో 49.6 డిగ్రీల ఎండ కాసి, మరునాడే మంటలు ఊరంతా మింగేశాయన్న వార్త చదివాకే మాస్టారి మాట గుర్తుకొచ్చింది. ఆయన ఇప్పుడు లేరు, అడుగుదామంటే.

జవాబు 3: ‘రెండేళ్ళు మొగాలు చూసుకునే చోటు’ అన్నదాన్ని కుదించారనుకుంటే జవాబు 2 వారి అభ్యంతరం పోతుంది.

జవాబు 1: అయితే ఆ ‘మొగము’ సంస్కృతపు ముఖానికి తద్భవమా, లేక దేశ్యమా? ముందు అది తేల్చండి.