విజయవాడ ఎండల్లో హెచ్‌పి5 ఫిల్మ్ డెవలప్ చేయడానికి సమయం ఎంత?

సత్యనారాయణపురంలో మా వీధి, డాబా దాటకుండా ఫిల్మ్ మీద ఫొటోలు తీస్తున్నాను. డెవలప్ చేయడం ఇంట్లోనే: ఇల్‌ఫర్డ్ హెచ్‌పి5 ప్లస్ (బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్), బాక్స్ స్పీడ్ 400 (డబ్బా మీద రాసిన ఐఎస్‌ఓ), డి-76 స్టాక్ (పలుచన చేయని డెవలపర్), 20 డిగ్రీల దగ్గర 7.5 నిమిషాలు.

మధ్యాహ్నం కుళాయి నీళ్లు 34 డిగ్రీలు. ఐసు వేసి డెవలపర్‌ను 20కి దించినా, పోసేసరికి 25 దాటుతోంది. నెగెటివ్‌లు బాగా నల్లగా వస్తున్నాయి, ఆకాశంలో మేఘాలే కనపడటం లేదు. 5 నిమిషాలకు తగ్గిస్తే ఆకాశం మరకలు మరకలుగా వచ్చింది, అది ఇంకా బాధ. ట్యాంకును ఐసు బకెట్లో పెట్టాను, తెల్లవారుజామున కూడా చేశాను. అప్పుడూ నీళ్లు 30కి తగ్గలేదు.

ఇక ఐసుతో కుస్తీ మానేసి, ఫిక్సర్ (బొమ్మను నిలబెట్టే రసాయనం), కడిగే నీళ్లతో సహా అన్నీ 30 డిగ్రీల దగ్గరే ఉంచుదామనుకుంటున్నాను. సమయం మరీ చిన్నదవకుండా డెవలపర్‌ను 1+1 (ఒక వంతు డెవలపర్, ఒక వంతు నీళ్లు) పలుచన చేస్తాను. 20 డిగ్రీలకైతే దానికి 11 నిమిషాలు.

మన ఎండల్లో ఇలా చేసినవాళ్లు చెప్పండి: 30 డిగ్రీల దగ్గర డి-76 1+1లో హెచ్‌పి5కి ఎన్ని నిమిషాలు ఇవ్వాలి?