పీడీఎంఎస్‌ని నేరుగా లేజర్‌తో చెక్కితే తప్పేంటి?

గొట్టంబాబు:
నమస్తే అందరికీ. ఎంటెక్ రెండో ఏడాది నాది. ఒక మైక్రోఫ్లూయిడిక్ చిప్ (సన్నటి గాడుల్లో ద్రవాన్ని నడిపే చిన్న పలక) చేయాలి: ఒకే ఇన్‌లెట్ నుంచి వచ్చిన ద్రవం ఎనిమిది పాయలుగా చీలాలి, ఎనిమిదింటిలోనూ ఫ్లో సమానంగా ఉండాలి. చానల్ వెడల్పు 300 మైక్రాన్లు, లోతు 100, పాయకి నిమిషానికి 10 మైక్రోలీటర్లు. మోల్డ్ చేసే క్లీన్‌రూమ్ (దుమ్ము లేని ల్యాబ్) స్లాట్‌కి మూడు వారాలు ఆగమంటున్నారు. మా వర్క్‌షాప్‌లో 40 వాట్ల సీఓటూ లేజర్ మిషన్ మాత్రం ఖాళీగా పడి ఉంది, యాన్యువల్ డేకి అక్రిలిక్ మొమెంటోలు కోయడానికి తప్ప దాన్ని ఎవరూ ముట్టరు. పీడీఎంఎస్ ముక్క పెట్టి గీసేస్తే పది నిమిషాల పని కదా అనిపిస్తోంది. మా సార్ మాత్రం "ఎస్‌యూ-8 మోల్డ్ లేకపోతే రివ్యూయర్ ఒప్పుకోడు" అంటున్నారు. ఎవరిది కరెక్ట్?

(కొత్తవాళ్ల కోసం: పీడీఎంఎస్ అంటే రబ్బరులా సాగే పారదర్శక సిలికోన్. ఎస్‌యూ-8 అంటే యూవీ వెలుగు తగిలిన చోట గట్టిపడే ఎపాక్సీ పూత. దాంతో సిలికాన్ వేఫర్ మీద చానల్ ఆకారం ఎత్తుగా కట్టి, పైన పీడీఎంఎస్ పోసి ఊడదీస్తే గాడి వస్తుంది.)

ప్లాస్మాక్క:
మీ సార్‌దే కరెక్ట్, కారణం మాత్రం రివ్యూయర్ కాదు. అక్రిలిక్‌కి లేజర్ తగిలితే కరిగి ఆవిరైపోతుంది, గాడి కాస్త నున్నగానే మిగులుతుంది. పీడీఎంఎస్ కరిగే రకం కాదు. ఒకసారి క్రాస్‌లింక్ అయ్యాక, అంటే దాని గొలుసులు ఒకదానికొకటి ముడిపడ్డాక, ఎంత వేడి తగిలినా కరగకుండా నేరుగా విడిపోయి మాడిపోతుంది, దాని వెన్నెముకలో ఉన్న సిలికాన్ కాస్తా సిలికా అయి, గాడి నిండా, అంచుల మీదా తెల్లటి పొడిగా పేరుకుంటుంది. చూడ్డానికి ముగ్గు చల్లినట్టే ఉంటుంది. ఆక్సిజన్ ప్లాస్మా (కరెంటుతో ఉత్తేజపరిచిన వాయువు) తగిలించి గాజుకి అంటించాలంటే రెండు ఉపరితలాలూ పూర్తిగా తాకాలి, మధ్యలో ఆ పొడి ఉంటే ఎక్కడ తాకుతాయి? నేను మూడు చిప్పులు చేశా, మూడూ ఇన్‌లెట్ దగ్గరే కారాయి.

10.6:
అక్కా, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో వేసి సోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో కడిగే తొట్టి) పెడితే పొడి చాలావరకు పోతుంది, మిగిలింది సెలోటేప్ అతికించి లాగితే వస్తుంది. అసలు నాకు నవ్వొచ్చేది ఈ ఎస్‌యూ-8 భక్తి చూసి. 1998లో హార్వర్డ్‌లో వైట్‌సైడ్స్ గ్రూపు పీడీఎంఎస్ చిప్పుల పద్ధతి పెట్టినప్పుడు దాని గొప్పేంటి? యూవీ వెలుగు ఎక్కడ పడాలో చూపే ఖరీదైన క్రోమ్ మాస్క్ వదిలేసి, మంచి రిజల్యూషన్ ప్రింటర్‌తో ట్రాన్స్‌పరెన్సీ షీట్ మీద అచ్చు వేయించి దాన్నే మాస్క్‌గా వాడటం. 20 మైక్రాన్ల కంటే వెడల్పు చాలనుకున్నవాళ్లకి డిజైన్ నుంచి చిప్ దాకా ఒక్క రోజులో అయిపోయేది. అప్పటి సెమీకండక్టర్ పెద్దలు మీలాగే ముక్కు విరిచి ఉంటే ఇవాళ మనకి ఈ ఫీల్డే లేదు.

గాడి గరుకైతే టర్బులెన్స్ వచ్చి ద్రవం సుడులు తిరుగుతుందని భయపెట్టేవాళ్లకి ఇంకో మాట. తమ్ముడు ఇచ్చిన అంకెల ప్రకారం పాయలో రేనాల్డ్స్ నంబర్ (ప్రవాహం ఎంత నిలకడగా ఉంటుందో చెప్పే అంకె) 1 కంటే తక్కువ. టర్బులెన్స్ రావాలంటే 2000 చుట్టుపక్కలకి వెళ్లాలి.

ప్లాస్మాక్క:
టర్బులెన్స్ గురించి ఎవరు మాట్లాడారు బాబూ? గరుకు గోడలకి బుడగలు పట్టుకుంటాయి, ఒక్క బుడగ చాలు పాయ మూసుకుపోడానికి. మైక్రోస్కోప్ కింద చూస్తే వెలుగు చెదిరి ఏమీ కనపడదు.

సరే, అవన్నీ వదిలేయ్. పోస్ట్ మళ్లీ చదువు, ఆ అబ్బాయికి ఎనిమిది పాయల్లో సమానమైన ఫ్లో కావాలి. ఇలాంటి పలచటి చానల్‌లో ప్రవాహానికి అడ్డంకి దాదాపు లోతు ఘనానికి విలోమంగా మారుతుంది. 100 మైక్రాన్లు ఉండాల్సిన చోట 90 వచ్చిందంటే ఆ పాయ అడ్డంకి మూడో వంతు పెరిగినట్టే. లేజర్‌తో లోతు ఎలా వస్తుంది? పవర్‌ని బట్టి, స్పీడుని బట్టి. మలుపు దగ్గర హెడ్ నెమ్మదిస్తుంది, అక్కడ గుంట పడుతుంది. ఎనిమిది పాయలంటే ఎన్ని మలుపులో లెక్కపెట్టుకో.

10.6:
మలుపుల సంగతి ఒప్పుకుంటా. కానీ లేజర్ గాడి గుండ్రటి అడుగుతో వస్తుందని తప్పు పట్టేవాళ్లని చూశా, వాళ్లకి చెప్తున్నా: 2000లో కాల్‌టెక్‌లో క్వేక్ గ్రూపు చేసిన, సన్నటి పొర వంగి చానల్‌ని మూసే రబ్బరు వాల్వులకి గుండ్రటి చానలే కావాలి. నలుచదరంగా ఉంటే పొర వంగినా మూలల్లో సందు మిగిలి వాల్వు పూర్తిగా మూసుకోదు.

ప్లాస్మాక్క:
వాళ్లు మోల్డ్ మీది ఫొటోరెసిస్ట్‌ని (వెలుగుతో ఆకారం దిద్దే పూత) వేడి చేసి, అది మెత్తబడి తనంతట తను గుండ్రబడేలా చేశారు. అద్దంలా ఉంటుంది అది. నీ మాడిన గాడికీ దానికీ పోలికేంటి!

గాజుపలక:
ఇద్దరూ ఆగండి. అబ్బాయీ, నువ్వు గాడి చెక్కడం గురించే ఎందుకు ఆలోచిస్తున్నావు? పీడీఎంఎస్‌ని ఓహెచ్‌పీ షీట్ (పారదర్శక ప్లాస్టిక్ షీట్) మీద స్పిన్ కోట్ చేసి, అంటే పోసి గిర్రున తిప్పి పలచగా పరిచి, 100 మైక్రాన్ల ఫిల్మ్ తయారుచేసుకో. చానల్ ఆకారాన్ని లేజర్‌తో ఆ ఫిల్మ్‌లోంచి పూర్తిగా, ఇటు నుంచి అటు దాకా కోసెయ్. తర్వాత కింద గాజు, పైన మందపాటి పీడీఎంఎస్ పలక, మధ్యలో ఈ ఫిల్మ్. సాండ్‌విచ్ లాగా. అప్పుడు లోతు ఎంతో చెప్పేది ఫిల్మ్ మందం, లేజర్ కాదు. లేజర్ చూసుకోవాల్సింది వెడల్పు ఒక్కటే, ఆ తప్పు ఘనంగా పెరగదు. పొడి ఎలాగూ వస్తుంది, కడగక తప్పదు. ఫిల్మ్‌ని షీట్ నుంచి ఒలిచేటప్పుడు మాత్రం ఓపిక కావాలి, పుల్కా పిండిలాగా దాని మీద అదే అతుక్కుంటుంది, అందుకే ముందు పై పలకకి అంటించి ఆ తర్వాతే షీట్ లాగు.

అక్రిలిక్‌ని చెక్కి మోల్డ్ చేద్దామనీ ఎవరో ఒకరు అంటారు. చానల్ ఎత్తుగా నిలబడాలంటే చుట్టూ ఉన్నదంతా లేజర్‌తో కొట్టేయాలి, ఆ గరుకు నేలే రేపు నీ పీడీఎంఎస్ అంటుకోవాల్సిన ముఖం అవుతుంది. మళ్లీ అదే లీకేజీ. గాడి చెక్కి రెండుసార్లు పోత పోస్తే సరిపోతుంది, అయితే పని రెట్టింపు.

ఇంకోటి, ఇది సీరియస్‌గా. షీట్ ఏమిటో తెలియకుండా లేజర్ కింద పెట్టొద్దు. నేను చదివిన కాలేజీలో ఒకడు వినైల్ స్టిక్కర్ షీటు పెట్టాడు. పీవీసీ అది, హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. మా గొంతులు రెండ్రోజులు మండాయి, వారంలో మిషన్ పట్టాలు తుప్పుపట్టాయి.

10.6:
సాండ్‌విచ్ బాగుంది. నేను ఓడిపోలేదు కానీ, లేజరే కదా.

ప్లాస్మాక్క:
కోసే చోట లేజర్ ఉండొద్దని నేను ఎప్పుడన్నా? చెక్కే చోట వద్దన్నా. గాజుపలక గారు చెప్పింది చేసి చూడు. కానీ రంగు వేసి నడిపి ఎనిమిది పాయల్లోనూ కొలవకుండా పేపర్‌లో "సమానం" అని రాయకు. రేపు డిజైన్ 30 మైక్రాన్లకి దిగితే ఏం చేస్తావో కూడా ఇప్పుడే ఆలోచించుకో, ఆ మిషన్ కిరణం మొనే 100 మైక్రాన్లకి పైన ఉంటుంది.

గొట్టంబాబు:
(పది రోజుల తర్వాత) సారీ, లేట్ అయింది. మొదటి రెండు ఫిల్ములు ఒలిచేటప్పుడు చిరిగాయి, మూడోది నిలబడింది. ఫుడ్ కలర్ కలిపిన నీళ్లు పంపి, ఒక్కో ఔట్‌లెట్ దగ్గర పోగైన నీటిని తూకం వేశా. ఏడు పాయలు దగ్గరదగ్గరగా వచ్చాయి. ఎనిమిదోది బాగా తక్కువ, మైక్రోస్కోప్ కింద చూస్తే మలుపులో తెల్ల పొడి ముద్ద, అంటే నేను సరిగ్గా కడగలేదు. అక్కా, మీ ముగ్గు గుర్తొచ్చింది. సార్‌కి చూపించా. రెండు నిమిషాలు చిప్‌ని లైటుకి ఎదురుగా పెట్టి చూశారు, బాగుందనలేదు, బాలేదనీ అనలేదు, క్లీన్‌రూమ్ స్లాట్ మాత్రం క్యాన్సిల్ చేయొద్దన్నారు.