సొమ్మును మింగడం, మనిషికి నామం పెట్టడం: ఇంగ్లీషులో ఏది ఏది?

అమలాపురం నుంచి ప్రశ్న: బ్యాంకు పరీక్షకి చదువుతున్నానండి. ఎంబెజిల్, డిఫ్రాడ్, స్విండిల్, ఎక్స్‌టార్ట్... నిఘంటువులో అన్నిటికీ ఇంచుమించు ‘మోసగించి కాజేయు’ అనే ఉంది. ఎక్కడ ఏది వాడాలండి?

జవాబు: చెల్లెమ్మా, అర్థం కాసేపు పక్కనపెట్టి విభక్తి చూడు, సగం చిక్కు విడిపోద్ది. సొసైటీ సొమ్మును మింగేశాడు అంటాం. రైతుకు నామం పెట్టాడు అంటాం. కొట్టువాడి దగ్గర గుంజాడు అంటాం. ఇంగ్లీషులో తేడా కూడా సరిగ్గా అక్కడే ఉంది.

‘సొమ్మును’ అన్నచోట ఎంబెజిల్. నమ్మి చేతిలో పెట్టినదాన్ని సొంతం చేసుకోవడం. సొసైటీ గుమస్తా రైతు కట్టిన పంట రుణం తీసుకుని, రసీదు కూడా చింపిచ్చి, పద్దులో మాత్రం ఎక్కించలేదనుకో. రైతు కట్టాల్సిందే కట్టాడు. పుచ్చుకోవడం గుమస్తా పనే. తప్పు ఆ తర్వాత జరిగింది. అందుకే బయటివాడు ఎంబెజిల్ చేయలేడు.

దీని వెనక మంచి కథ ఉంది. 1799లో లండన్‌లో బేజ్లీ అనే బ్యాంకు గుమస్తా, ఖాతాదారు జమకిచ్చిన 100 పౌండ్ల నోటు జేబులో వేసుకున్నాడు. నోటు బ్యాంకు సొరుగులో పడనేలేదు కాబట్టి బ్యాంకు సొత్తు దొంగిలించినట్టు కాదని తేల్చారు. ఆ ఏడాదే పార్లమెంటు ఎంబెజిల్‌మెంటును విడి నేరం చేసింది. మన ఇప్పటి శిక్షాస్మృతి, అంటే భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షన్, నమ్మకద్రోహం, దీనికి దగ్గర.

‘మనిషికి’ అన్నచోట డిఫ్రాడ్, స్విండిల్. ఇక్కడ సొమ్ము ఆసామే తన చేత్తో ఇస్తాడు, అబద్ధం నమ్మి. ఆకివీడు వైపు రొయ్యల చెరువు పట్టుబడి చూసే ఉంటావు. వల లాగి, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో) చూసి, కాటా వేసి, ఐసు కొట్టి వ్యానెక్కించేస్తారు. రొయ్య ఆగదు, డబ్బు మాత్రం ‘వారంలో’ అంటారు. ఇచ్చే ఉద్దేశం మొదట్నుంచీ లేకుండా సరుకు పట్టుకుపోతే డిఫ్రాడ్. ఇద్దామనే కొని, రేటు పడిపోయి ఇవ్వలేకపోతే అది డిఫాల్ట్ మాత్రమే. మన ‘ఎగ్గొట్టాడు’ ఈ ఇద్దర్నీ ఒకే గాటన కట్టేస్తుంది, అది నాకు అన్యాయం అనిపిస్తుంది. కోర్టు కూడా ఆ మొదటి ఉద్దేశాన్నే వెతుకుతుంది. తిట్టుగా మారిపోయిన మన ఫోర్ ట్వంటీ ఈ నేరమే, ఇప్పుడది న్యాయ సంహితలో 318వ సెక్షన్.

డిఫ్రాడ్ కోర్టు మాట, స్విండిల్ మన టోపీ పెట్టడంలా వాడుక మాట. పరీక్షలో పట్టేది ఇక్కడే: డిఫ్రాడ్ తర్వాత మనిషిని చెప్పి ‘ఆఫ్’, స్విండిల్ తర్వాత మనిషిని చెప్పి ‘ఔట్ ఆఫ్’ వస్తుంది.

‘దగ్గర’ అన్నచోట ఎక్స్‌టార్ట్. ఇందులో అబద్ధం అక్కర్లేదు, భయం చాలు. ‘చెరువుకి అనుమతి లేదని అర్జీ పెడతా, ఇంత ఇస్తావా?’ అన్నవాడు ఎక్స్‌టార్ట్ చేస్తున్నాడు. ఇచ్చేవాడికి అన్నీ తెలుసు, తప్పక ఇస్తాడు.

భీమవరం నుంచి ఇంకొకరు: మరి మావైపు ‘ఐపీ పెట్టేశాడు’ అంటామండి. అది స్విండిలేనా?

జవాబు: కాదండి. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. 1920 నాటి దివాలా చట్టం ప్రకారం అప్పు 500 రూపాయలున్నా, తీర్చలేనివాడు తనే కోర్టుకెళ్లి వేసుకోవచ్చు. మోసం అన్న వాసన ఆ మాటకి మనవాళ్లు అంటించిందే. నిజంగా చితికిపోయి పెట్టినవాడి గురించి రాస్తే ‘ఫైల్డ్ ఫర్ ఇన్సాల్వెన్సీ’ అంటే సరిపోద్ది. పొలం ముందే బావమరిది పేర రాసేసి ఆనక పెట్టాడా, అప్పుడు ‘డిఫ్రాడెడ్ హిజ్ క్రెడిటర్స్’ అనాలండి.