మల్లె గ్రీన్ టీకి ఏ నీళ్లు వాడాలి?

మాది కందుకూరు. మా చెల్లెలు చైనాలోని ఫుజౌ నుంచి మల్లె గ్రీన్ టీ తెచ్చిచ్చింది. నీళ్లు మరిగాక 80 డిగ్రీలకు చల్లారనిచ్చి, ఆకు వేసి, 2 నిమిషాలకే వడకడుతున్నా. బోరు నీళ్లతో పెడితే పైన సన్నటి తెట్టు కడుతోంది, మల్లె వాసనే రావట్లేదు. క్యాన్ నీళ్లతో వాసన గుప్పుమంటోంది గానీ రుచి చప్పన. (మా అత్తయ్యయితే పాలు పోయనిదాన్ని టీ అననే అనరు.) రెండు నీళ్లూ కలపొచ్చా? కలిపితే ఎంతెంత?

ఇంకోటి. అక్కడ రాత్రిపూట విచ్చే మొగ్గలను ఆకులో కలిపి, వాసన పట్టాక పూలు తీసేస్తారు. మన గుండుమల్లెలూ ఆ జాతివే కదా! మామూలు గ్రీన్ టీకి ఇంట్లో ఎవరైనా ఇలా చేశారా? చెమ్మకు బూజు పట్టకుండా ఆకు ఎలా ఆరబెట్టారు?